నీలోఫర్ అంటే నల్లకలువ!

ఈ వారం ఉత్తరాల కట్ట విప్పితే మూడింట ఒకే కోరిక. "హాలీవుడ్ తార గ్రేస్ కెల్లీ రాకుమారి ఎలా అయింది? ఆవిడ కథ రాయండి" అని. ఒక పాఠకుడైతే ఇంకో అడుగు ముందుకేసి, "అలాంటి యూరప్ రాకుమారి ఎవరైనా మన హైదరాబాద్ వైపు ఎప్పుడైనా కన్నెత్తి చూసిందా?" అని సవాలు విసిరాడు.

కన్నెత్తి చూడ్డమేమిటి బాబూ! ఒకరు కాదు, ఇద్దరు రాకుమార్తెలు ఈ ఊరికి కోడళ్ళుగానే వచ్చారు. అందులో ఒకావిడ పేరు నువ్వు రోజూ వింటూనే వున్నావు. లకడీకాపూల్ వైపు వెళ్ళే బస్సులో కండక్టరు కేక పెడతాడు. ఆటోవాలా "నీలోఫర్... నీలోఫర్..." అంటూ మనుషుల్ని పోగు చేస్తాడు. ఆ పేరు ఒక ఆస్పత్రిదని అందరికీ తెలుసు. చాయ్ ప్రియులకైతే అదే పేరుతో ఒక కేఫ్ కూడా తెలుసు. కానీ ఆ పేరు ఒక ఆడమనిషిదనీ, ఆవిడ ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళు కాపురం చేసిందనీ, కన్నీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయిందనీ ఎంతమందికి తెలుసు?

అందుకని ముందు గ్రేస్ కెల్లీ బాకీ రెండు ముక్కల్లో తీర్చేసి, మనింటి కథలోకి వచ్చేద్దాం.

గ్రేస్ కెల్లీ అమెరికాలోని ఫిలడెల్ఫియా అమ్మాయి. హిచ్‌కాక్ చిత్రాలతో ప్రపంచాన్ని ఊపేసింది. 1955లో ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది. ఆ యేడాదే మే నెలలో కాన్ చిత్రోత్సవానికి వెళ్ళినప్పుడు పక్కనే వున్న మొనాకో రాజు రేనియర్‌తో పరిచయమైంది. 1956 ఏప్రిల్‌లో పెళ్ళి. దాంతో సినిమాలకు స్వస్తి. 1982 సెప్టెంబర్‌లో కారు ప్రమాదంలో గాయపడి, 14వ తేదీన కన్ను మూసింది. అప్పటికి ఆవిడ వయసు 52.

తెర మీది తార రాజమందిరంలోకి వెళ్ళిన కథ అది. బాగానే వుంది. కానీ ఆ మొనాకోకి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో నీస్ అనే పట్నం వుంది. అదే నీలి సముద్రం, అదే ఎండ. గ్రేస్ కెల్లీ పెళ్ళికి పాతికేళ్ళ ముందే ఆ నీస్‌లో మన హైదరాబాద్ వాళ్ళ పెళ్ళి ఒకటి జరిగింది. పెళ్ళి అంటే ఒకటి కాదు, జంట పెళ్ళిళ్ళు!

*

కథ ఇస్తాంబుల్‌లో మొదలవుతుంది.

తురుష్క సామ్రాజ్యాన్ని ఆరువందల ఏళ్ళు ఏలిన ఒట్టోమన్ వంశం పేరు మీరు చరిత్ర పాఠంలో చదివే వుంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ సామ్రాజ్యం కుప్పకూలింది. 1922లో సుల్తాన్ పదవి పోయింది. ముస్లిం ప్రపంచానికి పెద్ద దిక్కు అనదగిన ఖలీఫా పదవి మాత్రం ఒంటరిగా మిగిలింది. 1924 మార్చి 3న తుర్కీ పార్లమెంటు దాన్ని కూడా రద్దు చేసింది. వంశం వంశమంతా దేశం విడిచి పోవాలన్నారు. ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ని ఆ రాత్రే రాజభవనం నుంచి బయటికి తెచ్చి, ఊరి బయట ఒక చిన్న స్టేషన్‌లో ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించారు. ఆ రైలు పేరు మీరు హత్యల సినిమాలో విన్నారు. నిజజీవితంలో అది ఒక రాజవంశాన్ని మోసుకుపోయిన రైలు.

ఖలీఫాగారు చిత్రకారుడు. బొమ్మలు బాగా వేసేవారు. ఆయన ఒక్కగానొక్క కూతురు దుర్రు షెహ్వార్. 1914 జనవరి 26న పుట్టింది. దేశం విడిచేనాటికి పదేళ్ళ పిల్ల. పేరుకి అర్థం రాచముత్యం అని. ముత్యాల ఊరికి కోడలు కాబోయే పిల్లకి తండ్రి ముందే తగిన పేరు పెట్టాడన్నమాట!

అదే వంశంలో ఇంకో పిల్ల. 1916 జనవరి 4న ఇస్తాంబుల్‌లోనే పుట్టింది. సుల్తాన్ ఐదో మురాద్‌కి మునిమనుమరాలు. రెండేళ్ళకే తండ్రి పోయాడు. ఎనిమిదేళ్ళకి దేశం పోయింది. తల్లి అదీలె సుల్తాన్ ఆ పిల్లని వెంటబెట్టుకుని ఫ్రాన్సు చేరింది. ఆ పిల్లే నీలోఫర్.

నీలోఫర్ అంటే ఏమిటనుకున్నారు? పారసీకంలో కలువపువ్వు. మన నీలోత్పలమే అక్కడికి ప్రయాణం చేసి నీలోఫర్ అయిందని భాషా పండితులు చెప్తారు. అంటే మన నల్లకలువ! మన దేశం నుంచి వెళ్ళిన మాట అమ్మాయై మళ్ళీ మన గడపకే వచ్చిందన్నమాట. కథలు రాసేవాడికి కూడా ఇంత చక్కగా తోచదు.

నీస్‌లో ఖలీఫా కుటుంబానికి బిరుదులు మిగిలాయిగాని చేతిలో డబ్బు లేదు. అప్పుడు ఆదుకున్నది ఎవరో తెలుసా? మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. నెలకి 300 పౌన్లు పంపించేవారు. ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరున్న మనిషి. 1937లో అమెరికా వారి టైమ్ పత్రిక ఆయన బొమ్మని అట్టమీదే వేసింది.

ఆ నిజాం కొడుకుల్లో ఇద్దరు మన కథలోకి వస్తారు. పెద్దవాడు ఆజంజా, రెండోవాడు మొజంజా. ఖలీఫా కూతురిని పెద్దకొడుక్కి చేసుకోవాలని నిజాం కోరిక. మధ్యవర్తి మౌలానా షౌకత్ అలీ. మెహర్ దగ్గర బేరం పడిందనీ, ఖలీఫా వారు అడిగిన మొత్తం ఎక్కువని నిజాం వెనకాడారనీ, చివరికి అదే మొత్తానికి రెండో అబ్బాయికి కూడా పిల్లనిస్తామని కుదిర్చారనీ ఒక కథ చెప్పుకుంటారు. మన పెళ్ళిచూపుల్లో కట్నం గొడవలకి ఏమీ తీసిపోలేదు కదూ! కాకపోతే ఇక్కడ డబ్బివ్వాల్సింది మగపెళ్ళివారు.

1931 నవంబర్ 12న నీస్‌లో రెండు పెళ్ళిళ్ళూ జరిగిపోయాయి. దుర్రు షెహ్వార్‌కి 17 ఏళ్ళు. నీలోఫర్‌కి ఇంకా పదహారు నిండలేదు.

*

ఇక ప్రయాణం. ఈ ఘట్టం సినిమాలో వేస్తే "ఇది మరీ కల్పించారండీ" అంటారు.

డిసెంబర్‌లో కొత్త దంపతులు వెనిస్ రేవులో పిల్స్నా అనే ఓడ ఎక్కారు. బ్రిండిసీ రేవులో అదే ఓడ ఇంకొక ప్రయాణీకుడు ఎక్కాడు. కొల్లాయి గుడ్డ, భుజాన శాలువ. లండన్‌లో రెండో రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని ఉత్తచేతులతో తిరిగి వస్తున్న మహాత్మా గాంధీ! ఒకే ఓడలో ఒక పక్క ప్రపంచంలోకెల్లా ధనవంతుని కొడుకులూ కోడళ్ళూ. ఇంకో పక్క ప్రపంచంలోకెల్లా పేదవాడిలా బతకాలని పంతం పట్టిన మనిషి. ఓడ డిసెంబర్ 28న బొంబాయి చేరింది. వారం తిరిగేసరికి, 1932 జనవరి 4న, గాంధీగారిని ప్రభుత్వం అరెస్టు చేసింది. సరిగ్గా ఆ రోజే నీలోఫర్‌కి పదహారు నిండాయి. ఆ జనవరి మొదటివారంలోనే చౌమహల్లాలో కొత్త కోడళ్ళకి విందు జరిగింది.

హైదరాబాద్‌లో ఘోషా గట్టిగా వున్న రోజులవి. పెద్దింటి ఆడవాళ్ళు పరదా వేసిన కార్లలో తిరిగేవారు. ఈ కోడళ్ళిద్దరికీ పరదా లేదు. సభలకు వచ్చారు, క్లబ్బులకు వెళ్ళారు, జనానికి కనిపించారు. ఫ్రాన్సులో పెరిగిన పిల్లలు మన చీర కట్టుకున్నారు. నీలోఫర్ చీర కడితే ఆ సోయగమే వేరని చూసినవాళ్ళు చెప్పుకునేవారు. పల్చటి చీరల మీద పూలూ తీగలూ కుట్టించుకునేది. ఆ చీరల్లో కొన్ని ఇవాళ న్యూయార్క్‌లోని ఫ్యాషన్ విద్యాసంస్థ మ్యూజియంలో వున్నాయంటే ఆలోచించండి. ప్రపంచంలోని పదిమంది గొప్ప అందగత్తెల్లో ఒకరని ఆనాటి పత్రికలు రాశాయి. హాలీవుడ్ నుంచి కబురు వచ్చిందని కూడా చెప్పుకునేవారు. వచ్చిందో లేదో గాని, ఆ ఫోటోలు చూస్తే మాత్రం "రాకపోతేనే ఆశ్చర్యం!" అనిపిస్తుంది.

మామగారు ఆవిడకి ఫర్హత్ బేగం అని పేరు పెట్టారు. ఫర్హత్ అంటే సంతోషం.

పేరులో పెట్టినంత మాత్రాన సంతోషం బతుకులోకి వస్తుందా? అదీ చూద్దాం.

*

మీరు గౌలిగూడ నుంచి ఆబిడ్స్‌కి నడిచే అలవాటున్నవాళ్ళయితే దారిలో మొజంజాహీ మార్కెట్ తగుల్తుంది. గ్రానైట్ రాతి గోడలు, పైన గడియారపు గోపురం. ఒకప్పుడు ఆబిడ్స్‌లో సినిమా చూసి, ఇక్కడికొచ్చి ఐస్‌క్రీం తినకపోతే సినిమా చూసినట్టే కాదు. జమ్రుద్‌లూ, సాగర్‌లూ పోయినా మార్కెట్ నిలిచింది. మధ్యలో చాలా పాడైపోతే బాగుచేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. మా గౌలిగూడ రేకుల బస్టాండు అంత అదృష్టం చేసుకోలేదు. అదీ 1930ల నాటిదే. 2018 జూలైలో ఒక తెల్లవారుజామున ఉన్నపళంగా కూలిపోయింది. అదృష్టం కొద్దీ అప్పుడు లోపల ఎవరూ లేరు.

ఆ మార్కెట్ 1935లో కట్టింది. దానికి పేరిచ్చిన మొజంజాయే నీలోఫర్ భర్త. సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుకి అధ్యక్షుడు. ఇరుకు సందుల్ని విశాలం చేయడం, మురికివాడలు తీసేసి ఇళ్ళు కట్టించడం ఆ బోర్డు పని. పత్తర్‌గట్టి వరసలు కూడా దాని చలవే.

మొజంజా కవి కూడాను. 'షజీ' అనే కలం పేరుతో ఉర్దూ గజళ్ళు రాసేవాడు. కాపురం హిల్‌ఫోర్ట్‌లో. ఇప్పటి అసెంబ్లీకి దగ్గర్లో, నౌబత్ పహాడ్ పక్కన సర్ నిజామత్ జంగ్ కట్టించుకున్న కోటలాంటి మేడ అది. తర్వాతి రోజుల్లో రిట్జ్ హోటల్ అయింది. అక్కడ మొజంజా దర్బారు పొద్దుగూకాక మొదలయ్యేది. కవులు, గాయకులు, విదూషకులు. తెల్లవార్లూ పాట, విందు, చతుర్లు. ఆ దర్బారులో వుండిన సిద్ఖ్ జాయసీ అనే కవి తర్వాత ఆ రాత్రుల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

పెద్ద తోడికోడలు దుర్రు షెహ్వార్ కథ వేరు. ఆవిడ పొడగరి. నడకలో, మాటలో రాజసం. ఉర్దూ నేర్చుకుంది, ఆడపిల్లల చదువు గురించి పట్టించుకుంది. 1933లో పెద్దకొడుకు ముకర్రంజా నీస్‌లో పుట్టాడు. 1939లో రెండోవాడు ముఫఖ్ఖంజా. చిన్నవాడి పేరుతోనే బంజారాహిల్స్‌లో ఇంజనీరింగ్ కాలేజీ వుంది. పురానీ హవేలీలో పిల్లల ఆస్పత్రి ఆవిడ పేరుతో వుంది.

పెద్దావిడ ఇంట్లో ఉయ్యాల ఊగింది. హిల్‌ఫోర్ట్‌లో ఊగలేదు.

*

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం.

మన సినిమాల్లో పిల్లలు లేని ఇల్లాలు ఎలా వుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మొదటి రీల్లో అత్తగారు దెప్పుతుంది. మూడో రీల్లో పేరంటంలో ఎవరో ముఖం తిప్పుకుంటారు. ఇంటర్వెల్‌కి ముందు ఆవిడే దేవుడి పటం ముందు ఏడ్చి, భర్త కాళ్ళు పట్టుకుని, "మీరు మళ్ళీ పెళ్ళి చేసుకోండి" అంటుంది. పక్క సీట్లోని అమ్మమ్మలు కొంగుతో కళ్ళొత్తుకుంటారు. చివర్లో ఆవిడ ఎలాగూ చనిపోతుంది. ఆ ఒక్క మాట లేని ఆడదానికి మన కథకులు ఇచ్చే వరం ఏమిటయ్యా అంటే చక్కటి చావు!

రాకుమారి అయితే మాత్రం ఈ బాధ తప్పుతుందా? నీలోఫర్ యూరప్‌లో పెద్ద పెద్ద వైద్యులకు చూపించుకుంది. ఏళ్ళు గడిచాయి. ఫలితం లేదు. ఊరంతా ఆవిడ అందం గురించే మాట్లాడేది. ఆవిడ మనసులో ఏముందో అడిగినవాళ్ళు ఎందరో!

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. రాచకోడలు ఇంట్లో కూర్చోలేదు. నర్సు శిక్షణ తీసుకుంది. సహాయ కార్యక్రమాల్లో దిగింది. చూశారా, సొంత ఒడి ఖాళీగా వున్న మనిషి ఎక్కడ చేతులు చాపిందో!

ఆ రోజుల్లో పురుడంటే ఆడదానికి పునర్జన్మ అన్న సామెత ఊరికే పుట్టలేదు. నగరంలో ఆడవాళ్ళకి విక్టోరియా జనానా ఆస్పత్రి లాంటివి వున్నా, చాలా పురుళ్ళు ఇళ్ళల్లోనే, మంత్రసాని చేతుల్లోనే. అడ్డం తిరిగితే దేవుడే దిక్కు. హిల్‌ఫోర్ట్‌లో నీలోఫర్ దగ్గర రఫత్ అనే పరిచారిక వుండేది. ఆవిడకి బాగా ఇష్టమైన మనిషి. ఆ రఫత్ పురుట్లో చనిపోయింది.

రాజభవనంలో వున్న పనిమనిషికే వైద్యం అందలేదంటే, బయట బస్తీల్లో వున్నవాళ్ళ గతి ఏమిటి? నీలోఫర్ ఆ దుఃఖంలోనే గట్టిగా నిశ్చయించుకుంది. తల్లులకీ పిల్లలకీ ప్రత్యేకంగా ఆస్పత్రి కావాలి. ఇంకో రఫత్ ఇలా పోకూడదు. నిజాంగారి దగ్గర కూర్చుని ఒప్పించిందని చెప్తారు. నాంపల్లి దాటగానే వచ్చే రెడ్‌హిల్స్‌లో స్థలం. హిల్‌ఫోర్ట్‌కి పెద్ద దూరం కూడా కాదు. 1949లో పని మొదలైంది. 1953లో 100 పడకలతో ఆస్పత్రి తెరిచారు.

మన కథకుడు ఇక్కడ 'శుభం' కార్డు వేసేస్తాడు. చప్పట్లు కొట్టి ఇంటికి పోతాం. కానీ అసలు జరిగింది వినండి.

*

1948. ఆ యేడాది సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. అయిదు రోజుల్లో నిజాం రాజ్యం ముగిసింది. ఊరు మారింది, జెండా మారింది. ఆ యేడాదే హిల్‌ఫోర్ట్‌లో కూడా ఒక మార్పు. మొజంజా మరో పెళ్ళి చేసుకున్నాడు. ఆ పెళ్ళిలో ఆయనకి సంతానం కలిగింది.

సినిమా అయితే నీలోఫర్ ఏం చేయాలి? కొత్త పెళ్ళికూతురికి హారతివ్వాలి. ఆ పిల్లల్ని తన పిల్లల్లా పెంచాలి. మూల గదిలో వీణ వాయించుకుంటూ క్షీణించిపోవాలి.

ఆవిడ అలా చేయలేదు. 1952లో విడాకులు తీసుకుంది. అంటే ఆవిడ పేరు పెట్టుకున్న ఆస్పత్రి తలుపులు తెరిచే వేళకి, ఆవిడ ఈ ఊరి కోడలు కాదు!

ఈ మాట తెలిసిన రోజున నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మనం ఒక ఇంట్లో చెట్టు నాటితే, ఆ ఇల్లు వదిలి పోయేటప్పుడు ఎంత బాధ! ఆవిడ నాటిన చెట్టుకి ఇంకా మొదటి పువ్వైనా పూయలేదు. పదిహేనేళ్ళ వయసులో ముక్కూ మొహం తెలియని దేశానికి వచ్చింది. ముప్ఫై ఆరేళ్ళ వయసులో ఆ బంధం తెంచుకుంది. ఇరవై ఒక్క ఏళ్ళ కాపురం. పోయేటప్పుడు పగ మిగిల్చి పోవచ్చు. ఆవిడ ప్రసూతి ఆస్పత్రి మిగిల్చి పోయింది.

పారిస్‌లో తల్లి దగ్గరే వుంది. 1963లో ఎడ్వర్డ్ పోప్ అనే అమెరికన్‌ని పెళ్ళాడింది. అప్పటికి ఆవిడ వయసు 47. మన దేశంలో ఆ వయసు ఆడది కొత్త చీర కట్టినా నలుగురూ నవ్వే కాలం అది! ఆ కాపురంలోనూ పిల్లలు లేరు. కానీ ఈసారి దానికోసం ఆవిడని ఎవరూ వదిలిపెట్టలేదు. చివరిదాకా కలిసే వున్నారు. 1989 జూన్ 12న పారిస్‌లో కన్ను మూసింది. ఆ పట్నం పక్కనే బోబిన్యీ అనే చోట ముస్లిం శ్మశానవాటికలో సమాధి.

మొజంజా అంతకు రెండేళ్ళ ముందు, 1987లో పోయాడు.

దుర్రు షెహ్వార్ కూడా చివరి రోజులు లండన్‌లోనే గడిపింది. 2006 ఫిబ్రవరిలో 92 ఏళ్ళ వయసులో చనిపోయింది. లండన్‌కి దగ్గర్లోని బ్రూక్‌వుడ్‌లో ఆవిడ సమాధి. ఆవిడ తండ్రి ఖలీఫాగారు 1944లో పారిస్‌లో పోతే, సొంతగడ్డ మీద పూడ్చడానికి తుర్కీ ఒప్పుకోలేదు. పదేళ్ళు ఆ దేహాన్ని పారిస్ మసీదులో వుంచి, చివరికి 1954లో మదీనాలో ఖననం చేశారు. తండ్రికి పిడికెడు మట్టి కోసం పదేళ్ళు తిరిగిన కూతురు ఆవిడ. ఆవిడ పెద్దకొడుకు ముకర్రంజా, తాతగారి తర్వాత ఎనిమిదో నిజాం అనిపించుకున్నవాడు, ఆస్ట్రేలియాలో గొర్రెల క్షేత్రం నడిపి, తుర్కీలో స్థిరపడి, 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో చనిపోయాడు. ఆయన్ని మాత్రం తెచ్చి మన మక్కా మసీదులో ఖననం చేశారు. అమ్మ పుట్టిన ఊళ్ళో కొడుకు పోయాడు. నీస్‌లో పుట్టిన కొడుకు చార్మినార్ నీడన పడుకున్నాడు. ఒక కుటుంబం ఎన్ని ఊళ్ళకి చెదిరిపోయిందో చూడండి. రాకుమార్తెలంటే మనకి వజ్రాల కిరీటాలే గుర్తొస్తాయి. వీళ్ళకి లేనిదల్లా ఇది నా ఊరు అని చెప్పుకోడానికి ఒక ఊరు!

*

మొన్న పనిమీద లకడీకాపూల్ వెళ్ళి, ఆ ఆస్పత్రి గేటు ముందు కాసేపు నిలబడ్డాను. మధ్యాహ్నం వేళ. ఫుట్‌పాత్ మీద చాపలు పరుచుకుని పల్లెటూరి జనం. ఎవరో ముసలావిడ స్టీలు డబ్బా మూత తీసి అన్నం కలుపుతోంది. చేతిలో చీటీ పట్టుకుని ఒక కుర్రాడు అటూ ఇటూ తిరుగుతున్నాడు. పట్టుమని పాతికేళ్ళుండవు. అతని చొక్కా జేబులో పిల్లల పాలసీసా పీక తొంగిచూస్తోంది. నేనడిగాను, "ఏ ఊరు బాబూ?" అని. మహబూబ్‌నగర్ పక్కన పల్లె అన్నాడు. పుట్టి తొమ్మిది రోజులట, బరువు తక్కువట, అద్దాల పెట్టెలో పెట్టారట. ఇవాళ కొంచెం పాలు తాగిందన్నాడు. చెప్తున్నప్పుడు గొంతు వణికింది.

"ఈ నీలోఫర్ ఎవరో తెలుసా?" అన్నాను.

అతను బోర్డు వైపు చూశాడు. "దవాఖాన పేరే గదా సార్!" అన్నాడు.

నేను చెప్పబోయి ఊరుకున్నాను. అంత బెంగలో వున్నవాడికి రాకుమారి కథ చెప్పడమేమిటి? అదీగాక, అతను చెప్పింది మాత్రం తప్పా? ఆ పేరు ఇప్పుడు దవాఖానదే. 100 పడకలతో మొదలైనది, ఉస్మానియా వైద్య కళాశాలకి అనుబంధంగా పెరిగి, రాష్ట్రం నలుమూలల నుంచీ పసివాళ్ళని చంకనేసుకుని పరిగెత్తుకొచ్చే చోటు అయింది. అక్కడ అంతా బాగుందని నేననను. ఒకే మంచం మీద ఇద్దరు పిల్లలున్న రోజులూ వున్నాయి, వరండాల్లో పడిగాపులూ వున్నాయి. అయినా అర్ధరాత్రి పిల్లకి ఊపిరాడకపోతే బీదవాడికి మొదట గుర్తొచ్చే పేరు అదే.

ఇన్నేళ్ళలో అక్కడ మొదటి ఏడుపు ఏడ్చిన పిల్లలు ఎందరు? అక్కడ ప్రాణం దక్కి ఇంటికెళ్ళినవాళ్ళు ఎందరు? వాళ్ళలో ఇవాళ డాక్టర్లున్నారు, ఆటోవాలాలున్నారు, మన సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టులూ వుండేవుంటారు. ఈ పేజీ చదువుతున్న మీలో కొందరుంటారు. ఇంటికెళ్ళి అమ్మనడగండి. "నీలోఫర్‌లో పుట్టావురా" అంటుందేమో!

మన పత్రికలో ప్రతివారం అందగత్తెల బొమ్మలు వేస్తాం. అట్టమీదా వేస్తాం, నడిమి పేజీలోనూ వేస్తాం. మీరు చూస్తారు, కత్తిరించి గోడకి అంటిస్తారు. తప్పు లేదు. అందం చూసి ఆనందించమనే నేనూ చెప్తాను. నీలోఫర్ బొమ్మ కూడా ఎక్కడైనా కనిపిస్తే తప్పకుండా చూడండి. కళ్ళు తిప్పుకోలేరు. కానీ పదిమంది అందగత్తెల్లో ఒకరు అన్న ఆ జాబితాలో మిగతా తొమ్మిది మంది పేర్లు ఎవరికి గుర్తున్నాయి? ఈవిడ పేరు రోజూ వేలమంది నోట పలుకుతోంది. అందం వల్ల కాదు. ఒక పనిమనిషి చావుకి నిజంగా ఏడ్చినందువల్ల.

ఇంకో మాట కూడా. మీలో రేపు కథలు రాసేవాళ్ళుంటారు, సినిమాలు తీసేవాళ్ళుంటారు. ఇకమీదట తెరమీద పిల్లల్లేని ఇల్లాలు కనిపిస్తే, ఆవిడ చేత "మీరు మళ్ళీ పెళ్ళి చేసుకోండి" అనిపించే ముందు ఒక్కసారి రెడ్‌హిల్స్ గుర్తు చేసుకోండి. ఆవిడకి చావు తప్ప ఇంకే దారీ లేదని రాసే కలానికి చెప్పండి... కన్న పిల్ల ఒక్కరూ లేని ఒకావిడ వుండేది, ఈ ఊళ్ళో సగం మందికి అమ్మ వరస అయి వెళ్ళింది అని.

సవాలు విసిరిన పాఠక మిత్రుడా, జవాబు దొరికిందా? గ్రేస్ కెల్లీ కథ కోసం మొనాకో దాకా పోవాలి. నీలోఫర్ కథ కోసం నాంపల్లి దాటితే చాలు.

అన్నట్టు, ఆ మహబూబ్‌నగర్ కుర్రాణ్ణి వచ్చేముందు ఒక మాట అడిగాను... పాపకి పేరు పెట్టారా అని. ఇంకా లేదన్నాడు. మంచి పేరు ఒకటి చెప్పాను. కలువపువ్వు అని అర్థం కూడా చెప్పాను. పెడతాడో లేదో మరి!

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.